పేజ్‌మేకర్‌ను డీటీపీ ఆపరేటర్ ఎందుకు వదలడం లేదు?

తెలుగు పుస్తకాల పేజీలను కంప్యూటర్‌లో కూర్చే డీటీపీ సెంటర్లలో అడోబి వారి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 ఇంకా కనిపిస్తూనే ఉంది. అది 2001లో వచ్చిన వెర్షన్. అదే ఆఖరిది కూడా. ఇక దీన్ని అభివృద్ధి చేయబోమని అడోబి 2004లోనే ప్రకటించింది. పేజ్‌మేకర్‌కు తోడుగా తెలుగు టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, అందులో ఆపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ (ఏ కీకి ఏ అక్షరమన్న అమరిక), ప్రియాంక, పల్లవి లాంటి ఫాంట్లు ఉంటాయి. ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంకేతం ఉండే యూనికోడ్, పేజ్‌మేకర్ స్థానంలో అడోబి తెచ్చిన ఇన్‌డిజైన్ వచ్చి ఇన్నేళ్లయినా ఆపరేటర్లు మారరని, కొత్తదంటే వాళ్లకు పడదని ప్రచురణకర్తలూ సాఫ్ట్‌వేర్ వాళ్లూ అంటుంటారు. ఇది అన్యాయమైన మాట. మార్పు ఖర్చంతా ఆపరేటర్ నెత్తిన పడేలా కొత్త పద్ధతిని తయారుచేసి, అతను వెనకాడితే మొండివాడని ముద్ర వేస్తున్నారు.

చాలాచోట్ల డీటీపీ పనికి పేజీ లెక్కన డబ్బిస్తారు. రోజుకు 20 పేజీలు కొట్టే మనిషి కొత్త లేఅవుట్‌కు మారి, మొదటి రెండు నెలలూ 12 పేజీలే కొట్టగలిగాడనుకుందాం. ఆ 8 పేజీల కూలీ ఎవరిస్తారు? యజమాని ఇవ్వడు, కంపెనీ ఇవ్వదు. సాఫ్ట్‌వేర్ గొప్పతనం గురించి ఎంత చెప్పినా ఈ లెక్క తేలనిదే ఆపరేటర్ కదలడు. కదలాలని అడిగే హక్కు కూడా మనకు లేదు.

నిజానికి మారడానికి మంచి అదను ఒకటి వచ్చింది. 2004లో అడోబి ఇన్‌డిజైన్ సీఎస్‌కు ప్రత్యేకంగా పేజ్‌మేకర్ ఎడిషన్ తెచ్చింది. పాత టూల్‌బార్, పాత షార్ట్‌కట్లు అందులో పెట్టింది. ఇది చిన్న విషయం కాదు. పేజ్‌మేకర్‌లో స్టోరీ ఎడిటర్‌కు (టెక్స్ట్‌ను విడిగా దిద్దుకునే విండో) కంట్రోల్-ఈ నొక్కుతారు. ఇన్‌డిజైన్‌లో అదే నొక్కితే ఎక్స్‌పోర్ట్ తెరుచుకుంటుంది, స్టోరీ ఎడిటర్ కావాలంటే కంట్రోల్-వై నొక్కాలి. రోజుకు వందసార్లు నొక్కే కీ ఇలా ఎదురుతిరిగితే ఎవరికైనా విసుగే. అయితే ఆనాటి ఇన్‌డిజైన్‌కు తెలుగు రాదు. తెలుగుతో సహా పది భారతీయ భాషలకు మద్దతు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. పిలిచినప్పుడు ఇల్లు కట్టలేదు, ఇల్లు కట్టాక ఎవరూ పిలవలేదు. ఆ ఎనిమిదేళ్లలో పేజ్‌మేకర్, అను జంట పాతుకుపోయింది.

తెలుగు వచ్చాక కూడా దాన్ని దాచిపెట్టారు. ఇంగ్లిష్ డిఫాల్ట్‌తో మొదలైన డాక్యుమెంట్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోతాయి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే ‘అడోబి వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోవాలి. ఏ ఫైలూ తెరవకముందే అలా ఎంచుకుంటే తర్వాత తెరిచే కొత్త ఫైళ్లకు అదే డిఫాల్ట్ అవుతుంది. ఉన్న ఫైళ్లకైతే పేరాగ్రాఫ్ స్టైల్‌లోని జస్టిఫికేషన్ విభాగంలో మార్చాలి. ఈ సంగతి తెలియని ఆపరేటర్ విరిగిన అక్షరాలు చూసి ‘ఇందులో తెలుగు సరిగ్గా రాదు’ అని మూసేస్తాడు. తెలుగు అక్షరం కనబడగానే సాఫ్ట్‌వేరే దీన్ని ఎంచుకుంటే సరిపోయేది.

అసలు కష్టం పాత ఫైళ్లతో. అను లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండే 256 గళ్లలో ముక్కలుగా కూర్చుని ఉంటాయి. ‘స్త్రీ’ చూడండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. పాత ఫాంట్‌లో కంటికి కనిపించే వరస: దీర్ఘంతో కలిసిన ‘సీ’ ముందు, వత్తులు తర్వాత. కాబట్టి కన్వర్టర్ అక్షరాలు మార్చడంతో పాటు వరస కూడా తిప్పాలి. క్రావడి కొన్ని ఫాంట్లలో అసలు అక్షరానికి ముందే వస్తుంది. ఆ ఒక్క నియమం తప్పితే ‘ప్రభుత్వం’లో క్రావడి ఊడిపోయి, ముందు ఒక పిచ్చి గుర్తు మిగులుతుంది. వార్తా సైట్లలో ఇది చూసే ఉంటారు.

ఇంకో ఉచ్చు ఉంది. టెక్స్ట్ కాపీ చేసి ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉందన్న సమాచారం పోతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు కూడా తెలుగు గందరగోళంగా మారతాయి. దీనికి నమ్మదగిన దారి ఒకటుంది. పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 వరకూ ఉన్న ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 తెరవగలదు, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవలేవు. అందుకే సీఎస్6 ఉన్న ఒక మెషీన్‌ను పదిలంగా ఉంచుకోవాలి. అక్కడ తెరిచి ఐడీఎంఎల్‌గా (స్క్రిప్టులు చదవగలిగే ఇన్‌డిజైన్ ఫైలు రూపం) ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి ముక్కకూ దాని ఫాంట్ పేరు అంటిపెట్టుకుని ఉంటుంది. అను ఫాంట్ ఉన్న ముక్కలను మాత్రమే స్క్రిప్ట్‌తో, అంటే చిన్న ప్రోగ్రామ్‌తో మార్చి, మిగతావి ముట్టుకోకూడదు. తర్వాత పాత ప్రింటు పక్కన పెట్టుకుని ప్రూఫ్ చూడాలి. రాష్ట్రం, శ్రీ, లక్ష్మి, ప్రభుత్వం, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలను ముందుగా పట్టుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు పొల్లుగానే నిలవాలంటే ‘ట్’ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి, లేకపోతే ‘వ’ వత్తు అయిపోతుంది. పాత ఫాంట్‌లో పొల్లు వేరే ముక్క కనుక ఆపరేటర్‌కు దీనితో ఎప్పుడూ పని పడలేదు. కొత్త కీబోర్డ్‌లో దానికి ఒకే ఒక్క కీ, సులువుగా అందేచోట ఇవ్వాలి.

కీబోర్డ్ విషయంలో ఏమాత్రం రాజీపడకూడదు. విండోస్‌తో వచ్చే తెలుగు లేఅవుట్లలో ఇన్‌స్క్రిప్ట్ ఒకటి. అది ప్రమాణమే, మంచిదే. కొత్తగా నేర్చుకునేవారికి అదే నేర్పాలి. ఇరవై ఏళ్లుగా ఆపిల్ లేఅవుట్ మీద పరుగెత్తే వేళ్లకు మాత్రం ఆపిల్ లేఅవుటే ఉంచి, లోపల యూనికోడ్ రాయించాలి. నొక్కే వరస, దాచే వరస వేరైన చోట కీమ్యాన్ లాంటి, కీబోర్డ్ లేఅవుట్లు తయారుచేసే సాధనంలో నియమాలు రాస్తే సరిపోతుంది. అలవాటైన కీలను ముట్టుకోకుండా మార్చవచ్చని చెప్పడానికి ఒక ఉదాహరణ: అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ వాళ్లు 2020లో ఈఆర్‌పీ 9 నుంచి టాలీప్రైమ్‌కు వచ్చినప్పుడు మెనూలు తిరగరాశారు, క్రెడిట్ నోట్ లాంటి కొన్నిటికి కీలూ మార్చారు. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్ జోలికి మాత్రం పోలేదు. అకౌంటెంట్ రోజంతా నొక్కే కీలు అవే.

లీడింగ్, అంటే లైనుకూ లైనుకూ మధ్య దూరం గురించి ఒక మాట. ఇన్‌డిజైన్ ఆటో లీడింగ్ 120 శాతం, అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. రెండు వత్తులున్న అక్షరం కింది లైను గుడిని తగులుతుంది. 16తో మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సవరించుకోవాలి. ఫాంట్ మారితే పేజీల సంఖ్య కూడా మారుతుంది, విషయసూచిక మళ్లీ చేయాలి. ఈ పని రేటులో కలపకుండా ‘కన్వర్ట్ చేసి ఇవ్వు’ అనడం తగదు.

ఇంత తంటా దేనికంటే, పాత ఫాంట్ పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు. చూపులేని పాఠకుడి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. వేల తెలుగు పుస్తకాలు కంప్యూటర్‌లో ఉండి కూడా వాళ్లకు లేనట్టే. మార్పు తప్పనిసరి, అందుకే దాన్ని అడ్డదిడ్డంగా చేయకూడదు.

ఆపరేటర్లందరినీ ఒకే తేదీన మార్చేకన్నా పనిని బట్టి మార్చడం మేలు. కొత్త పుస్తకాలు కొత్త పద్ధతిలో, పాత పుస్తకాల పునర్ముద్రణ పేజ్‌మేకర్‌లోనే. ఒక పుస్తకం రెండు పద్ధతుల మధ్య నలగకూడదు. పాత పేజ్‌మేకర్ (పీఎండీ) ఫైలూ, దాని ఫాంట్లూ, ఆఖరి పీడీఎఫ్ ఒకే ఫోల్డర్‌లో భద్రపరచాలి. నేర్చుకునే మూడు నెలలూ ఆపరేటర్‌కు పేజీ రేటు ఆపి, అంతకుముందు మూడు నెలల సగటు సంపాదనను జీతంగా ఇవ్వాలి. ఆ డబ్బు ప్రచురణకర్త ఇవ్వాలి, ఎందుకంటే వెతకగల ఈ-బుక్ అమ్ముకుని లాభపడేది ఆయనే.