పంచదార నీళ్ళు నీలంగానే ఉంటాయి, పిల్లల్ని ఆ మాట రాయనివ్వండి

పంచదార నీళ్ళలో బెనెడిక్ట్ ద్రావణం (కొన్ని రకాల చక్కెరల్ని రంగు మారి పట్టిచ్చే నీలం మందు) కలిపి, ఆ పరీక్షనాళికని మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచండి. రంగు మారదు, నీలంగానే ఉంటుంది. ప్రయోగం సరిగ్గా చేస్తే రావాల్సిన ఫలితం అదే.

విజయనగరంలో ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు సరిగ్గా ఇదే చూసింది. చూసింది చూసినట్టు రికార్డులో రాసింది. టీచర్ ఆ లైను అడ్డంగా కొట్టేసి పక్కన "ఇటుక ఎరుపు" అని రాసి పంపారు. మిగతా పిల్లలందరి రికార్డుల్లోనూ ఇటుక ఎరుపే ఉందట. బోర్డు మీద ముందే రాసిచ్చిన పట్టికని దించేసుకున్నారు. "నేను చూసిందే రాశాను కదా బాబాయ్, తప్పెలా అవుతుంది?" అని పిల్ల అడిగితే నాకు ఒళ్ళు మండిపోయింది.

బెనెడిక్ట్ ద్రావణానికి నీలం రంగు వచ్చేది అందులోని కాపర్ సల్ఫేట్ వల్ల. మన తోటల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమే అది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పాలలో ఉండే లాక్టోజ్ లాంటి చక్కెరలు వేడి తగిలితే ఆ రాగికి ఎలక్ట్రాన్లు ఇచ్చి దాన్ని క్యూప్రస్ ఆక్సైడ్ అనే ఎర్రటి పదార్థంగా మారుస్తాయి. చక్కెర కొంచెమే ఉంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, నారింజ, బాగా ఉంటే అడుగున ఇటుక ఎరుపు మడ్డి. పంచదార అంటే సుక్రోజ్. అందులో గ్లూకోజూ ఫ్రక్టోజూ కలిసే ఉన్నాయి గానీ, రాగితో పని జరగాల్సిన కొసల దగ్గరే రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. అందుకే నీలం.

దీని తర్వాత చెయ్యాల్సిన ప్రయోగం ఎంత బాగుంటుందో! అదే పంచదార నీళ్ళలో కొన్ని చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మరిగించి, చల్లారాక పొంగు ఆగేదాకా వంటసోడా వేసి ఆమ్లాన్ని విరిచెయ్యాలి. బెనెడిక్ట్ ద్రావణం క్షారంలోనే పనిచేస్తుంది కాబట్టి సోడా మానేస్తే కుదరదు. ఇప్పుడు మళ్ళీ పరీక్షిస్తే ఎరుపు వస్తుంది. మన ఇళ్ళలో పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం పిండుతారే, అక్కడ జరిగేదీ ఇదే. పులుపూ వేడీ కలిసి సుక్రోజ్‌ని కొంత విడగొడతాయి. పట్టికలో ఎరుపు అని రాయించేసి ఈ పాఠం మొత్తాన్నీ పిల్లల దగ్గర్నుంచి లాగేసుకున్నారు.

ఆదివారం మా ఇంట్లో పాత గిన్నెలో నీళ్ళు మరగబెట్టి మేమే చేశాం. పల్చగా కలిపిన బెల్లం నీళ్ళు అన్నిటికంటే ముందు మారాయి. అంచుల్లో ఆకుపచ్చ తిరిగి, చూస్తుండగానే నారింజలోకి వెళ్ళి, కాసేపటికి ఎర్ర మడ్డి దిగింది. పచ్చి అరటికాయ రసం నీలం నుంచి పెద్దగా కదల్లేదు, అయోడిన్ చుక్క వేస్తే మాత్రం నల్లబడింది, అంటే అందులో ఉన్నది పిండి పదార్థం. మగ్గిన పండు రసం ఎర్రబడింది. కాయ మగ్గుతుంటే పిండి పదార్థం చక్కెర అవుతుందని పుస్తకంలో చదివిన పిల్ల, దాన్ని రెండు గొట్టాల్లో పక్కపక్కనే చూసింది. ఉల్లిపాయ రసం కూడా ఎర్రబడేసరికి "ఇదేం తీపి బాబాయ్?" అని ఒకటే ఆశ్చర్యం.

మా అమ్మకి షుగర్. బెల్లమైతే ఫరవాలేదని టీలో అదే వేసుకుంటోంది. బెల్లం గొట్టం చూసి ఏమీ మాట్లాడలేదు. "మరి పంచదార నీలంగా ఉంది, అది మంచిదా?" అని అడిగింది. కాదమ్మా, పేగుల్లో ఒక ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, గ్లూకోజ్ రక్తంలోకే వెళుతుంది అని చెప్పాను. ఒకప్పుడు ఆసుపత్రుల్లో మూత్రంలో షుగర్ చూసింది కూడా ఈ ద్రావణంతోనే. ఇంత దగ్గరి విషయాన్ని మార్కుల పట్టిక చేసి పెట్టారు.

మన జిల్లాల్లో సరుకుకి కొదవా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గింజ తీసుకుని పారేసే జీడిమామిడి పండ్లున్నాయి, వాటి రసం నిండా గ్లూకోజ్, ఫ్రక్టోజే. భీమాలి మామిడి తాండ్ర ఉంది. చోడి (రాగి పిండి) అంబలి ఉంది, బెల్లం వెయ్యకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూడొచ్చు. పిల్లలు తలా ఒకటి ఇంటి నుంచి తెస్తే చాలు. వేడి నీళ్ళ దగ్గర టీచర్ నిలబడాలి, గొట్టం మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు, ల్యాబ్‌లోకి వచ్చింది ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. అంతకు మించి ఏం కావాలి?

టెన్షన్ పెట్టే సిలబస్, ఇరుకు ల్యాబ్, నలభై మంది పిల్లలు. టీచర్ల కష్టం నాకు తెలుసు. అయినా అడుగుతున్నా. పట్టిక బోర్డు మీద ముందే రాయకండి. ఫలితం తేడాగా వస్తే "మళ్ళీ చేసి చూద్దాం" అనండి. పంచదార దగ్గర "నీలం" అని రాసిన పిల్లకి పూర్తి మార్కులు వెయ్యండి. మా పిల్ల రికార్డులో కొట్టేసిన ఆ లైను గురించి సోమవారం నేనే స్కూలుకి వెళ్ళి, టీచర్ ఎదురుగా ఆ ప్రయోగం మళ్ళీ చేయించమని అడగబోతున్నాను.