ఆల్టమాంట్‌లో ప్రాణం తీసింది పాట కాదు

ఈ వారంలోనే నలుగురు మిత్రులు నాకు ఒకే సందేశం పంపారు. అమెరికాలో 1969 ఆగస్టులో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం డబ్బు ఊసే లేని ప్రేమోత్సవమట. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదట. నాలుగు నెలలు తిరక్కముందే, 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కచేరీలో రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం 'సైతాను పాట' ఎత్తుకోగానే ఒక యువకుడు బలైపోయాడట.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. వుడ్‌స్టాక్ మూడు రోజుల టికెట్టు ముందుగా కొంటే 18 డాలర్లు. కంచె పూర్తికాకముందే జనం వచ్చిపడ్డారు కాబట్టి ఉచితమైంది. ప్రాణాలూ పోయాయి. స్లీపింగ్ బ్యాగులో నిద్రపోతున్న ఒక పిల్లవాడి మీదుగా ట్రాక్టరు వెళ్లింది.

నాకు ఒళ్లు మండేది మూడో మాటకు. ఆ 'సైతాను పాట', అంటే 'సింపతీ ఫర్ ద డెవిల్', మధ్యలో కొట్లాట జరిగి పాట ఆపిన మాట నిజమే. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశారు. ఇంకొన్ని పాటలయ్యాక, 'అండర్ మై థంబ్' పాడుతుండగా హత్య జరిగింది. ఆ పాటలో సైతాను ఊసే లేదు.

అసలు కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. రెండు రోజుల ముందు చోటు మార్చారు. ముందు అనుకున్న సీయర్స్ పాయింట్‌లో గుట్ట మీద వేయాల్సిన వేదికను తెచ్చి ఆల్టమాంట్‌లో వాలు అడుగున వేశారు. దాని ఎత్తు సుమారు ఒక మీటరు, అంటే మనిషి నడుము దాకా. పైనుంచి సుమారు మూడు లక్షల మంది. వేదిక దగ్గర కాపలాకు హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠా, చేతుల్లో బిలియర్డ్స్ కర్రలు. అదే కచేరీలో పాడుతున్న జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం గాయకుడు మార్టీ బాలిన్‌ను వాళ్లు స్పృహ తప్పేలా కొట్టారు. అప్పటికి స్టోన్స్ వేదికే ఎక్కలేదు. మరి అప్పుడు ఏ దెయ్యం పాట విని కొట్టారు? కర్రలు పట్టుకున్న చేతులను వదిలేసి పాట మీద నేరం మోపడానికి మనసెలా ఒప్పింది?

ఒకటి ఒప్పుకోవాలి. ఈ పొరపాటు సందేశం రాసినవారు పుట్టించింది కాదు, ఆనాటి వార్తల్లోనే ఉంది. చాలా ఏళ్లు నేనూ నమ్మాను. ఇంకొకటి కూడా దాచను. చనిపోయిన కుర్రాడి చేతిలో తుపాకీ ఉంది, అది కచేరీని చిత్రిస్తున్న సినిమా కెమెరాకు చిక్కింది. కత్తితో పొడిచిన హెల్స్ ఏంజెల్స్ మనిషిది ఆత్మరక్షణేనని జ్యూరీ 1971లో విడిచిపెట్టింది.

అయినా ఆ కుర్రాడు సైతానుకు బలి కాదు. ఆకుపచ్చ సూటు వేసుకుని పాటలు వినడానికి వచ్చిన 18 ఏళ్ల నల్లజాతి యువకుడు. పేరు మెరెడిత్ హంటర్. అంత పొడుగు సందేశంలో ఆ పేరు ఒక్కచోట కూడా లేదు.