ఆ నిరసన లేఖ పంపే ముందు

ఈసారి మన తెలుగు అసోసియేషన్ వనభోజనాలు మనవాళ్ళ కుటుంబం ఒకటి కొనుక్కున్న లాట్‌లో, వాళ్ళ కొత్త లేక్ హౌస్ దగ్గర పెట్టుకుందామనుకున్నాం. (కార్తీకంలో మిన్నెసోటాలో ఉసిరిచెట్టూ ఉండదు, ఎండా ఉండదు కనుక ఆగస్టులోనే కానిచ్చేస్తాం, అది వేరే సంగతి.) వారం ముందు సిటీ నుంచి ఆ కుటుంబానికి నోటీసు వచ్చింది. గట్టు మీద పోసిన మట్టి తీసెయ్యాలి, కొట్టేసిన ఓక్ చెట్లకు బదులు నాటాలి, అప్పటిదాకా పని ఆపాలి. పులిహోర గిన్నెలు, మడత కుర్చీలు, తంబోలా డబ్బా అన్నీ కౌంటీ పార్కు షెల్టర్‌కి తరలాయి. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "పక్కవాళ్ళ డాక్‌లు వీళ్ళకి కనబడవా? మనమంటేనే పడదు." ఇప్పుడు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద నిరసన లేఖ పంపాలని జనరల్ బాడీకి తీర్మానం వస్తోంది.

వివక్ష లేదని ఎవరూ అనరు. కానీ ఆ నోటీసులో ఉన్నదంతా మట్టి గురించి, నీటి గురించి. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా బుల్డోజర్లు చెరువుల మీద కట్టిన గోడలు కూలుస్తుంటే ఆ వీడియోలకి ఇదే గ్రూపులో చప్పట్ల ఎమోజీలు పడ్డాయి. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి గీత) అంటే ఏమిటో, పది హెక్టార్లు దాటిన చెరువుకి 30 మీటర్ల బఫర్ ఎందుకో అప్పుడు అందరం ఒకరికొకరం పాఠాలు చెప్పుకున్నాం. ఇక్కడి ఓహెచ్‌డబ్ల్యూఎల్ (ఆర్డినరీ హై వాటర్ లెవెల్) కూడా అలాంటి గీతే. ఈరోజు నీళ్ళు ఎక్కడున్నాయన్నది కాదు లెక్క. నీటి మొక్కలు ఆగి నేల మొక్కలు మొదలయ్యే చోటు లెక్క. ఇక్కడి మిన్నెటాంకా లేక్‌కి అది సముద్రమట్టానికి 929.4 అడుగులు. 2014 జూన్ వానలకి నీళ్ళు 931 అడుగులు దాటాయి. ఎండాకాలంలో లాట్ చూసి మురిసిపోయేవాళ్ళు ఈ రెండు అంకెల మధ్య తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ గీత నుంచి ఇల్లు ఎంత వెనక్కి ఉండాలో రాష్ట్రం చెప్పే కనీస దూరాలు లేక్ తరగతిని బట్టి మారతాయి. జనరల్ డెవలప్‌మెంట్ లేక్‌కి 75 అడుగులు (సిటీ మురుగు లైను ఉంటే 50), రిక్రియేషనల్‌కి 100, నేచురల్ ఎన్విరాన్‌మెంట్ లేక్‌కి 150. సిటీలు ఇంకా బిగించవచ్చు. ఆ దూరంలో నీటివైపు సగాన్ని షోర్ ఇంపాక్ట్ జోన్ అంటారు. అక్కడ చెట్లు మొత్తం నరికెయ్యడానికి లేదు. ఇంటి కప్పు, డ్రైవ్‌వే, పేటియో అన్నీ కలిపి లాట్‌లో నాలుగో వంతు దాటకూడదు. మనవాళ్ళు బోర్లా పడేది సాధారణంగా ఇక్కడే. 20,000 చదరపు అడుగుల లాట్ అంటే మీకున్నది 5,000. ఇంటి పునాది 2,600, మూడు కార్ల గరాజ్ 800, డ్రైవ్‌వే 1,200, పేటియో 600 అనుకోండి. అప్పటికే 5,200. ఇంకా మెట్లు, ఏసీ దిమ్మ, గుడిలాంటి షెడ్డు లెక్కలోకి రానేలేదు. ఇల్లు అడ్డంగా పరవకుండా రెండంతస్తులు లేపి, గరాజ్ రోడ్డుకి దగ్గరగా పెట్టి డ్రైవ్‌వే పొట్టిది చేస్తే ఇదే కుటుంబానికి హాయిగా సరిపోతుంది.

ఇక అసలు గొడవ, మట్టి. లేక్ పడమరనుంది. తూర్పు మెరక, పడమర పల్లం. సిద్ధాంతి గారు జూమ్‌లో చూసి నైరుతి ఎత్తు చెయ్యమన్నారు. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున నాలుగడుగుల ఎత్తు మట్టి పోశారు. అంటే సుమారు 355 ఘనపు గజాలు, 12 గజాలు పట్టే టిప్పర్లు 30, బరువు 450 టన్నుల పైమాటే. ఆ బరువంతా బ్లఫ్ నెత్తిన పడింది. నీటి మట్టం నుంచి 25 అడుగులకు పైగా లేచి, సగటు వాలు 30 శాతం దాటిన గట్టుని ఇక్కడ బ్లఫ్ అంటారు. ఏది కట్టినా దాని కొన నుంచి 30 అడుగులు వెనక్కి జరగాలి. ఎందుకంటే కింద ఉన్నది హిమనదాలు వదిలిపోయిన బంకమట్టి, మధ్యమధ్యలో ఇసుక పొరలు. వాన నీరు ఇసుక పొరలోకి దిగి బంకమట్టి మీద నిలిచి జారుడుబల్లలా చేస్తుంది. ఆ గట్టుని పట్టుకున్నవి ఓక్ వేళ్ళే. పైన బరువు పెంచి, కింద వేళ్ళు తీసేస్తే ఒక గట్టి వానకి గట్టు జారుతుంది. అక్కడ రిటైనింగ్ వాల్ కట్టినా అదీ జారే మట్టితో పాటే జారుతుంది. పైగా ఆ చెట్లు జూన్‌లో కొట్టారు. ఏప్రిల్ నుంచి జులై దాకా ఓక్‌కి గాయం చేస్తే ఓక్ విల్ట్ తెగులు పట్టవచ్చు, పడితే పక్కింటి చెట్లకీ వేళ్ళ గుండా పాకుతుంది. పక్కింటాయన సిటీకి ఫోన్ చేశాడంటే ఎందుకు చెయ్యడు?

వాస్తు వద్దని ఎవరూ అనడం లేదు. ఆ ఇంట్లోనే తూర్పు రోడ్డువైపు సింహద్వారం, ఈశాన్యంలో దేవుడి గది, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్దల పడకగది, అన్నీ మట్టి ముట్టుకోకుండానే కుదురుతాయి. ఇంకా చిత్రం, పడమట గోడకి కిటికీలు తగ్గించమన్న సిద్ధాంతి గారి మాటనే ఎనర్జీ లెక్క కూడా చెబుతుంది. 45 డిగ్రీల అక్షాంశంలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు 68 డిగ్రీల ఎత్తున ఉంటాడు, డిసెంబరులో ఇరవై రెండుకి కాస్త తక్కువ. దక్షిణ గోడ మీద రెండడుగుల చూరు వేస్తే వేసవిలో అయిదడుగుల కిటికీకి నీడ, చలికాలంలో తొమ్మిదిన్నర అంగుళాలకే. చలికాలపు ఎండంతా లోపలికి. పడమట ఈ చూరు పనిచెయ్యదు. సాయంత్రం ఎండ అడ్డంగా కొడుతుంది, నీళ్ళ మీద పడి మళ్ళీ కొడుతుంది. లేక్ వ్యూ కోసం పడమరంతా అద్దాల గోడ పెట్టినవాళ్ళు జూన్ నుంచి ఆగస్టు దాకా తెరలు దించుకునే ఉంటారు. వ్యూ ఎటుపోయిందో మరి. కూర్చునే చోట రెండు పెద్ద కిటికీలు, మూడు పొరల అద్దం, ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిలో అద్దం లోపలికి వదిలే భాగం) 0.25 దరిదాపుల్లో ఉన్నది, ముందు లోతైన వరండా ఉంటే చాలు. మన ఊళ్ళ వసారా ఇక్కడ నిజంగా పనికొచ్చే వస్తువు. దాన్నెవరూ అడగరు, గ్రానైట్ అడుగుతారు.

బేస్‌మెంట్ గురించి పట్టుబట్టొద్దు. పునాది మంచు లోతు దాటాలి, ట్విన్ సిటీస్‌లో 42 అంగుళాలు, ఉత్తరాన 60. ఒడ్డు దగ్గర మట్టి పరీక్షకి బోరింగ్ వేస్తే చాలాసార్లు పీట్ నేల (కుళ్ళిన మొక్కల మెత్తటి నేల) తగులుతుంది. అందులో ఫుటింగ్ వేస్తే ఒక మూల కుంగి తలుపులు పట్టవు. హెలికల్ పైర్లు (మరలాంటి ఉక్కు కడ్డీలు) గట్టి పొర తగిలేదాకా తిప్పి దించితే తవ్వకమే తగ్గుతుంది. తిప్పేటప్పటి టార్క్ (తిప్పే బలం) రీడింగే ఎంత బరువు మోస్తుందో చెబుతుంది, ఆ కాగితం అడిగి పెట్టుకోండి. భూగర్భజల మట్టానికి కిందే గది కావాలంటే నీళ్ళు తోడే సంప్ పంపు రాత్రింబగళ్ళు తిరుగుతుంది. తుఫానుకి కరెంటు పోయే రాత్రే దానితో అవసరమెక్కువ.

సెప్టిక్ సంగతి మన ఇళ్ళల్లో మొహమాటంగా దాటేస్తారు. రోజువారీ నీటి లెక్క పడకగదుల్ని బట్టి: మూడుకి 450 గాలన్లు, అయిదుకి 750. అమ్మానాన్నలు వచ్చి ఆరునెలలుంటారని అయిదో గది కలిపితే డ్రెయిన్‌ఫీల్డ్ (ట్యాంకు నీరు నేలలోకి ఇంకే చోటు) పెరుగుతుంది. దాని అడుగుకీ, ఏడాదిలో నీరు పైకొచ్చే మట్టానికీ మధ్య మూడడుగుల పొడి నేల ఉండాలి. లేకపోతే ఇసుక దిబ్బ పోసి దాని మీద కట్టాలి (దాన్నే మౌండ్ అంటారు), అది మిగిలిన పెరడంతా మింగుతుంది. నాలుగైదు గదుల ఇంటికి 1,500 గాలన్ల ట్యాంకు సరిపోతుంది, సింకులో గార్బేజ్ డిస్పోజల్ పెడితే 2,250 కావాలి. డిస్పోజల్ మానెయ్యండి. గారెలు వేయించిన నూనె సీసాలో పోసి చెత్తలో వెయ్యండి.

వంటింటి హుడ్ కూడా అంతే. గాలి చొరబడని ఇంట్లో తిరగమోత ఘాటు పోవాలని పెద్ద హుడ్ బిగించి, బయటి గాలి వచ్చే దారి పెట్టకపోతే గ్యాస్ వాటర్ హీటర్ చిమ్నీ నుంచే పొగ వెనక్కి లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. హుడ్ లాగే గాలి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) దాటితే, బయటి గాలిని లోపలికి వదిలే మేకప్ ఎయిర్ డ్యాంపర్ తప్పదనుకోండి. ఇండక్షన్ పొయ్యి, హీట్ పంప్ వాటర్ హీటర్ పెట్టుకుంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఒడ్డున పచ్చిక వద్దు. బ్లూగ్రాస్ వేరు నాలుగంగుళాలు దిగితే గొప్ప, ఇక్కడి ప్రెయిరీ గడ్డి అడుగుల లోతుకి పోతుంది. చలికాలంలో లేక్ మంచు ఎండకీ చలికీ సాగి ముడుచుకుంటూ ఒడ్డుని బుల్డోజరులా నెడుతుంది. ఆ నెట్టుడికి గోడ పగులుతుంది, వేళ్ళున్న ఒడ్డు కాస్త లేచి నిలబడుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 623 గాలన్లు. దాన్ని రెయిన్ గార్డెన్‌లోకి (నీరు ఇంకే మొక్కల గుంటలోకి) మళ్ళించండి. అయితే బ్లఫ్ కొనమీద మాత్రం ఆ గుంట తవ్వకండి, గట్టుకి చేతులారా నీళ్ళు తాగించినట్టే. రోడ్డువైపు తవ్వండి.

కార్యవర్గానికి మనవి. ఆ లేఖ ఆపండి. దాని బదులు ఉగాది సభలో శాలువాల కార్యక్రమం అరగంట తగ్గించి ఒక సర్వేయర్‌నీ, ఒక సెప్టిక్ డిజైనర్‌నీ వేదికెక్కించండి. నోటీసు అందుకున్న కుటుంబానికి మొక్కలు నాటేందుకు పాతికమంది వలంటీర్లను పంపండి, వాళ్ళకి నిజంగా కావలసింది అదే. లాట్ కొనబోయేవాళ్ళు పర్చేజ్ అగ్రిమెంట్‌లో సర్వే, మట్టి బోరింగ్, సెప్టిక్ పరీక్ష మూడింటికీ కంటింజెన్సీ (ఫలితం తేడా వస్తే కొనకుండా తప్పుకునే షరతు) రాయించుకోండి. సర్వేలో ఓహెచ్‌డబ్ల్యూఎల్, బ్లఫ్ కొన, బ్లఫ్ పాదం గీయించండి. సెప్టిక్ మట్టి పరీక్ష నేల గడ్డకట్టకముందే, అక్టోబరులోగా కానివ్వాలి. బోరింగ్ రిగ్గు మాత్రం జనవరిలో గడ్డకట్టిన నేల మీద సుఖంగా నడుస్తుంది. మార్చి వచ్చిందంటే రోడ్ల మీద బరువు ఆంక్షలు మొదలవుతాయి, మే దాకా ఆగాల్సి రావచ్చు.