రెండు బాణాల వైద్యం

వందేళ్ళ కిందట, 1923లో, విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాల పెట్టారు. అందులో సీటు రావాలంటే ఎంట్రన్స్ రాయాలి, ఐదున్నరేళ్ళు చదవాలి, రాత్రుళ్ళు కేజీహెచ్ అనే పెద్దాస్పత్రి వార్డుల్లో నిలబడాలి, ఆ తర్వాత పీజీ అంటూ మరో మూడేళ్ళు. ఇంత చేసి బయటికొచ్చిన డాక్టరు నోరు తెరిచి ఒక మాట చెప్పగానే, ఎదురుగా కూర్చున్న మనిషి జేబులోంచి ఫోన్ తీసి "కానీ ఇందులో ఇలా ఉందండీ" అంటాడు. కాబట్టి నేను ప్రభుత్వం వారికి వినయంగా మనవి చేసేదేమిటంటే, ఆ కాలేజీ మూసేసి, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గరున్న సిమెంటు బెంచీకి డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చేయండి. ఖర్చు తక్కువ. వాకింగ్‌కొచ్చి వాట్సాప్ వైద్యం చెప్పే స్టాఫ్ రెడీగా ఉన్నారు. పొద్దున్న ఐదున్నరకల్లా డ్యూటీ ఎక్కుతారు, పైసా జీతం అడగరు.

డిగ్రీలు కూడా ఏర్పాటై ఉన్నాయి. వాట్సాప్ మెసేజ్ పైన ఒక బాణం గుర్తుంటే ఎంబీబీఎస్. రెండు బాణాలుంటే ఎండీ. ఆ రెండు బాణాలు ఎందుకు పెట్టారో వాట్సాప్ వాడే పక్కన రాసి మరీ చెప్తాడు: ఇది చాలా చేతులు మారి వచ్చింది బాబూ, కాస్త చూసుకో అని. మనవాళ్ళకు అది హెచ్చరికలా కనపడదు, ఐఎస్ఐ మార్కులా కనపడుతుంది. "ఇంతమంది పంపారంటే ఏదో ఉండే ఉంటుంది కదండీ" అంటారు. జలుబు కూడా అలా పదిమంది చేతులు మారే వస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ నమ్మి దాచుకోరు.

వెనకటికి గట్టి మందును రామబాణం అనేవారు. రాముడికి ఒక్క బాణం సరిపోయింది.

ఈ మంట అంతా ఒక ఆదివారం నాటిది. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఒక పిల్లల డాక్టరు గారిని పిలిచింది. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఆస్పత్రిలో చేసి రిటైరైన మనిషి. ఫీజు వద్దన్నారు, శాలువా కూడా వద్దన్నారు. అనుమానాలకు బీజం అక్కడే పడింది. సెల్లార్‌లో కుర్చీలు వేశాం. నోటీసు కింద 'ఇడ్లీ, ఉప్మా కలవు' అని రాయడం వల్ల జనం బాగానే వచ్చారు.

డాక్టరు గారు తేటగా చెప్పారు. తట్టు వచ్చిన ఒక్క పిల్లాడి నుంచి, టీకా పడని పిల్లలుంటే, పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుందన్నారు. తొమ్మిది నెలలు నిండగానే ఒక డోసు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది, ఆ రెండోదాన్ని ఎగ్గొట్టొద్దన్నారు. పెద్దవాళ్ళు ఒంట్లో బాగున్నా సరే ఏడాదికోసారి బీపీ, షుగరు చూపించుకోవాలి, తల తిరగలేదు కదా అని బీపీ లేదనుకోకూడదు అన్నారు. డెంగీ దోమ పగలు కుడుతుంది, మురుగులో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, వారానికొకసారి కూలరు, పూలకుండీల కింది ప్లేట్లు, ఫ్రిజ్ వెనకాల ట్రే ఖాళీ చేయండి అన్నారు. ఇవన్నీ చెప్తూ ఆయన ఒక ఘోరమైన తప్పు చేశారు. నిజం చెప్పారు.

"టీకా వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, చేయి నొప్పి పెట్టొచ్చు. నూటికి నూరు శాతం పనిచేస్తుందని ఏ టీకాకూ చెప్పలేం. చాలావరకు కాపాడుతుంది" అన్నారు.

అంతే. ముందు వరసలో కూర్చున్న బాబాయి గారు వెనక్కి తిరిగి, కేసు గెలిచిన ప్లీడరులా సభ మొత్తాన్ని చూశారు. "విన్నారుగా, ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు!"

ఈయన నాకు సొంత బాబాయి కాదు. అసోసియేషన్‌కు ట్రెజరరు, అందరికీ బాబాయి గారే. మా గ్రూపులో రోజుకు పదిహేను ఆరోగ్య సూత్రాలు వేస్తారు కాబట్టి పిల్లలు చాటుగా బాణాల బాబాయి అంటారు. డాక్టర్లకు ఒక దరిద్రం ఉంది. 'సాధారణంగా', 'చాలావరకు', 'కొందరిలో' లేకుండా వాళ్ళు వాక్యం ముగించలేరు. బాబాయి గారి మెసేజీల్లో ఆ పీడ లేదు. అక్కడన్నీ 'గ్యారంటీ', 'శాశ్వతంగా', 'మూడే మూడు రోజుల్లో'. రెండిటినీ పక్కపక్కన పెట్టి అమ్మితే రెండోదే అమ్ముడుపోతుంది మరి.

తర్వాత ప్రశ్నల కార్యక్రమం మొదలైంది. దాన్ని రికార్డు చేయనందుకు ఇవాళ్టికీ బాధపడుతున్నాను.

"టీకాలతో పిల్లలకు ఆటిజం వస్తుందని లండన్ పత్రికలో పడింది కదా సార్?" అని నాలుగో అంతస్తు వాళ్ళు. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు రాశాడు. అతను చూసింది పన్నెండు మంది పిల్లల్ని. తర్వాత లక్షలాది పిల్లల మీద పరిశోధనలు చేస్తే అలాంటి సంబంధమే కనపడలేదు. 2010లో ఆ పత్రికే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అక్కడి మెడికల్ కౌన్సిల్ అతన్ని డాక్టర్ల జాబితాలోంచి తీసేసింది.

బాబాయి గారు ఉప్మా ప్లేటు కింద పెట్టి, "అంటే నిజం చెప్పినవాణ్ణి తొక్కేశారన్నమాట" అన్నారు. నలుగురు తలలూపారు.

"ఇప్పుడు పోలియో ఎక్కడుంది సార్? ఇంకా ఆ చుక్కలెందుకు?" అని ఇంకొకరు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో, బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చిలో మనకు పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. చుక్కలు వేశాం కాబట్టే పోయింది, పాకిస్తాన్‌లో, ఆఫ్ఘనిస్తాన్‌లో ఇంకా ఉంది కాబట్టి వేస్తున్నాం అన్నారు డాక్టరు గారు. "దొంగలు పడటం లేదు కదా అని వాచ్‌మన్‌ను మానిపించేస్తామా చెప్పండి?" అని నవ్వారు కూడా. పాపం ఆయనకు తెలీదు. కిందటి మీటింగులో సరిగ్గా ఆ తీర్మానం పెట్టింది బాబాయి గారే. మూడేళ్ళుగా ఒక్క దొంగతనం లేదు, జీతం దండగ అని.

చివరికి బాబాయి గారు లేచారు. బ్రహ్మాస్త్రం తీశారు. "మా తాత ఒక్క సూది పొడిపించుకోకుండా తొంభై ఆరేళ్ళు బతికాడండీ."

"చాలా సంతోషం. ఆయనకు తోడబుట్టినవాళ్ళు ఎంతమంది?" అన్నారు డాక్టరు గారు.

"మొత్తం తొమ్మిది మంది పుట్టారు."

"పెద్దవాళ్ళయింది ఎందరు?"

బాబాయి గారు వేళ్ళు మడిచారు. కాసేపు సెల్లార్‌లో ఫ్యాను చప్పుడే వినపడింది. "ఇద్దరు... ఒకామె పురిట్లో పోయింది" అన్నారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన మొహంలో ఏదో కదిలింది. ఈలోగా ఎవరో రెండో విడత ఇడ్లీలు వచ్చాయన్నారు.

మర్నాడు పొద్దున్న బీచ్ రోడ్డులో డాక్టరు గారి ప్రసంగానికి పోస్ట్‌మార్టమ్ జరిగింది. వాకర్ల కోసం బళ్ళు ఆపేసే సమయం కాబట్టి రోడ్డు ప్రశాంతంగా ఉంది, బెంచీ మాత్రం ప్రశాంతంగా లేదు. బాబాయి గారి చేతిలో సొరకాయ రసం. "చేదుగా ఉందేమిటివాళ" అని జ్యూస్ బండి కుర్రాణ్ణి అడిగి, "చేదుంటేనే మందు" అని తనే సమాధానం చెప్పుకుని గుటక వేశారు. చేదెక్కిన సొరకాయ రసం విషమని, ఆ చేదు నాలిక్కి తగిలితే ఉమ్మేయమని, తాగి చనిపోయినవాళ్ళు ఉన్నారని మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కమిటీ ఎప్పుడో చెప్పింది. నేను గ్లాసు పట్టుకున్నాను. "నువ్వు కూడా కంపెనీల మనిషివేనా" అన్నారు. సొరకాయ మీద కుట్ర చేసే కంపెనీ ఏదో నాకైతే తట్టలేదు.

గ్లాసు కోసం పెనుగులాటలో ఆయన టీషర్టు చెయ్యి పైకి జరిగింది. ఎడమ భుజం కింద రూపాయి కాసంత మచ్చ. అంచులు ముడతలు పడి, మధ్యలో చిన్న గుంటలతో. మశూచి టీకా మచ్చ. ఆయన చిన్నతనంలో టీకాలవాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారంటే పిల్లలు చెరకు తోటల్లో దాక్కునేవారట. ఈయన్ని వాళ్ళ నాన్న జుట్టు పట్టి లాక్కొచ్చి పొడిపించాడట. తనే చెప్పారు, గర్వంగా. అలా లాక్కొచ్చిన నాన్నలు, ఎండలో నడిచిన టీకాలవాళ్ళ పుణ్యాన 1975లో మన దేశంలో మశూచి ఆఖరి కేసు చూశాం. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఆ మచ్చను భుజాన మోస్తూ డెబ్బై దాటిన మనిషి, ఇంకొకరి మనవడికి టీకా వద్దని మెసేజ్ పెడతాడు. సొంత మనవడి సంగతా? వాడు న్యూజెర్సీలో ఉన్నాడు. బడిలో చేర్చుకోవాలంటే టీకాల కాగితం చూపించమన్నారు. అన్నీ వేయించేశారు. "అక్కడ రూలండీ" అన్నారు బాబాయి గారు. అమెరికా రూలు ముందు బాణం వెయ్యరు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే రాశాను. ఇక నవ్వు రావడం లేదు.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం మా వాచ్‌మన్ కొడుకును, తొమ్మిదేళ్ళ గుంటణ్ణి, వీధి కుక్క పిక్క మీద కరిచింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గాయం నిండా కారప్పొడి దట్టించి, పైన సున్నం రాసి, గుడ్డ కట్టి ఉంది. ప్రిస్క్రిప్షన్ ఎవరిదో అడగక్కర్లేదు. పక్కనే నిలబడి ఉన్నారు. "పది రోజులు కుక్కను చూడాలి. అది చావకపోతే భయం లేదు. అనవసరంగా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులెందుకు?" అన్నారు. ఆ బొడ్డు సూదుల కాలం పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు, నాలుగు విడతలు: మొదటి రోజు (దాన్ని సున్నా అనుకుని లెక్కపెడితే), మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గవర్నమెంటు ఆస్పత్రిలో ఉచితం. కుక్కను పది రోజులు గమనించడం ఉన్నదే. అయితే అది టీకా మొదలుపెట్టాక చేసే పని, టీకాకు బదులు చేసే పని కాదు. అయినా కరిచి పారిపోయిన వీధి కుక్కను ఎవరు చూస్తారు? దానికేమైనా ఆధార్ కార్డుందా, అడ్రసుందా?

కట్టు విప్పి, సెల్లార్ కుళాయి కింద కాలు పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాం. డాక్టరు గారు ఆ ఆదివారం చెప్పిన మాటే అది, కుర్చీలు సర్దే చప్పుడులో ఎవరికీ వినపడని మాట. కారం మంటకు పిల్లాడు పెట్టిన కేకలు నా చెవుల్లో ఉన్నాయి. వాడి తల్లి వాణ్ణి పట్టుకుని "ఏటవుద్ది బాబూ, ఏటవుద్ది" అని నన్నే అడుగుతోంది.

ఏమవుతుందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక పిల్లను కుక్క కరిస్తే పసరు పోశారు. నెలన్నర బాగానే ఆడుకుంది. ఒకరోజు గ్లాసుతో నీళ్ళిస్తే గొంతు పట్టేసి, గ్లాసు చూస్తేనే వణికిపోయింది. ఇంటి పక్కనుండి నేను విన్నది ఇక్కడ రాయను. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదు. పెద్దాస్పత్రి లేదు, అమెరికా లేదు, కోటి రూపాయలున్నా లేదు. ఉన్నదల్లా ముందు వేసుకునే టీకాయే. 1885లో పారిస్‌లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వేయించింది కూడా తొమ్మిదేళ్ళ పిల్లాడికే. ఇది నూట నలభై ఏళ్ళుగా తెలిసిన విషయం. తెలిసీ ఒక తల్లి చేత గాయంలో కారం దట్టించడాన్ని అభిప్రాయం అంటారా? 'ఎవరి నమ్మకం వాళ్ళదండీ' అంటారా? నీ నమ్మకానికి నీ కాలు పెట్టు. వాచ్‌మన్ కొడుకు కాలెందుకు?

ఇదే మాట బాబాయి గారి మొహాన అన్నాను. పెద్దాయన మీద గొంతు పెంచానని మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రే ఆటోలో వెళ్ళాం. గాయం చుట్టూ వేయాల్సిన ఇంజెక్షను, భుజానికి వేయాల్సినది వేశారు. వాచ్‌మన్ డోసుల తారీఖులు గోడ మీద బొగ్గుతో రాసుకుని, ఒక్కటీ తప్పకుండా తీసుకెళ్ళాడు. ఇరవై ఎనిమిదో రోజు ఆఖరిది వేయించుకుని వచ్చి, గుంటడు గేటు దగ్గర టైరు దొర్లించుకుంటున్నాడు. బాబాయి గారు వాకింగ్ నుంచి వస్తూ ఆగారు. వాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, నా భుజం తట్టారు.

"చూశావా, కారం ఎంత బాగా పనిచేసిందో!"

మధ్యాహ్నానికి మా అత్తగారి ఊరి గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. 'కుక్క కాటుకు కారం, సున్నం. మా అపార్ట్‌మెంటులో కళ్ళారా చూశాను. అందరికీ పంపండి.' పైన రెండు బాణాలు.