ఎవరిస్తారు జీతం?

(ఆదివారం ఉదయం, బెంగళూరు మారతహళ్లిలో మామయ్య ఇల్లు. మేనల్లుడికి 27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది మానేసి రెండేళ్ల పాటు కార్ల ర్యాలీల్లోనే ఉంటానని ప్రకటించాడు. మామయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అప్పు కోసం వచ్చినవాడిని చూసినట్టే వీడినీ చూస్తున్నారు. నేను ఎవరి పక్షమో దాచను, మేనల్లుడి పక్షమే. అయినా మామయ్య ప్రశ్నల్లో రెంటికి నా దగ్గరా జవాబు లేదు.)

మామయ్య: ఉద్యోగమంటే ఏమిటిరా? మనం పనిచేస్తే ఎవరో ఒకరు డబ్బివ్వాలి. నీకెవరిస్తారు?

మేనల్లుడు: మొదట్లో ఎవరూ ఇవ్వరు మామయ్యా.

మామయ్య: ఇవ్వకపోగా నువ్వే ఇవ్వాలి. కారు అద్దె, టైర్లు, ప్రవేశ రుసుము, మెకానిక్కుల బత్తా. దీన్ని మా కాలంలో వ్యసనం అనేవారు.

మేనల్లుడు: గౌరవ్ గిల్‌ది వ్యసనమా? ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్ మూడుసార్లు గెలిచాడు: 2013, 2016, 2017. మోటారు క్రీడల నుంచి అర్జున అవార్డు అందుకున్న మొదటివాడు, 2019లో. కంపెనీలు డబ్బు పెట్టి మరీ ఆయన చేత కారు నడిపించాయి.

మామయ్య: ఒక పేరు చెప్పావు. రెండోది చెప్పు.

(చెప్పాడు. మూడోదీ చెప్పాడు. వాళ్ల వెనక కాఫీ తోట ఉందా, నాన్నగారి వ్యాపారం ఉందా అని అడుగుతూ మామయ్య ఒక్కొక్కటే కొట్టేశారు.)

మామయ్య: సరే, ఆ మొదటాయన సంగతే చూద్దాం. అవార్డు వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో ఏం జరిగిందో అది కూడా చెప్పు.

మేనల్లుడు: (కాసేపు ఆగి) పోటీ కోసం మూసిన దారిలోకి మోటారు సైకిలు వచ్చింది, గిల్ కారు దాన్ని ఢీకొంది. భార్యాభర్తలు, వాళ్ల అబ్బాయి. ముగ్గురూ పోయారు. దారి మూయడమంటే రెండు చివర్లా తాడు కట్టడం కాదు. పొలాల్లోంచి వచ్చి కలిసే ప్రతి కాలిబాట దగ్గరా మనిషిని నిలబెట్టాలి. ఆ పని డ్రైవరుది కాదు. కానీ స్టీరింగు మాత్రం డ్రైవరు చేతిలోనే ఉంటుంది. ఇంతకు మించి నేనేమీ చెప్పలేను.

మామయ్య: పైగా వయసు. ఫిన్లాండు కుర్రాడు రోవన్‌పెరా ఎనిమిదేళ్లకే గడ్డకట్టిన సరస్సు మీద కారు తిప్పాడట, 22 ఏళ్లకు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తండ్రీ ర్యాలీ డ్రైవరే. నీకు లైసెన్సు వచ్చిందే ఇరవయ్యో ఏట.

మేనల్లుడు: ఫ్రాన్సు ర్యాలీ డ్రైవరు సెబాస్టియన్ లోబ్ జిమ్నాస్టిక్స్ చేసిన మనిషి, ఎలక్ట్రీషియన్. తొలి ప్రపంచ టైటిల్ 2004లో, 30 ఏళ్లకు. అక్కడి నుంచి 2012 దాకా వరుసగా తొమ్మిది.

మామయ్య: కొత్తవాళ్ల కోసం అక్కడ పోటీలు పెట్టి వెతికారు. కార్ల కంపెనీ వెనక నిలబడింది. నిన్ను ఎవరు వెతుకుతున్నారు? ఇంటి లోను కంతు తప్ప!

మేనల్లుడు: మీరు దీన్ని ఒట్టి వేగం అనుకుంటున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా. అసలు పని పోటీకి ముందే మొదలవుతుంది. దారిని మామూలు కారులో, నిదానంగా, సాధారణంగా రెండేసార్లు చూడనిస్తారు. డ్రైవరు ప్రతి మలుపునూ అంచనా వేసి చెబుతాడు, పక్కసీటులో కో-డ్రైవరు రాసుకుంటాడు. ‘ఎడమ ఐదు, మిట్ట మీదుగా, వంద, కుడి రెండు, కోయవద్దు.’ చాలామంది లెక్కలో ఆరు అంటే దాదాపు తిన్నని దారి, ఒకటి అంటే బాగా ముడుచుకున్న మలుపు. వంద అంటే తరువాతి మలుపుకు వంద మీటర్లు. కోయవద్దు అంటే లోపలి అంచున రాయో మొద్దో ఉందని. పోటీ రోజు చిక్కమగళూరు కాఫీ తోటలో మిట్ట ఎక్కుతుంటే ముందు ఏమీ కనిపించదు. సిల్వర్ ఓక్ చెట్ల కొసలు, ఆకాశం, అంతే. చెవిలో ‘ఎడమ ఐదు’ అని పడితే యాక్సిలరేటరు మీంచి కాలు తీయకూడదు. తీస్తే సెకన్లు పోతాయి. మూడు రాయవలసిన చోట మొన్న ఐదు రాయించి ఉంటే కారు కాఫీ మొక్కల్లో తేలుతుంది. పోనీ దారైనా మొన్నటి దారేనా అంటే, కాదు. మొదట వెళ్లేవాడు వదులు కంకరను ఊడ్చుకుంటూ పోవాలి, పట్టు దొరకదు. వెనక వచ్చేవాడికి గాడులు లోతవుతాయి. వాన పడిందా, ఎర్రమట్టి సబ్బే. ఇంకొకటుంది, ఇది మీకు నచ్చుతుంది. పోటీ కోసం మూసిన ఒక్కో దారి ముక్కను స్టేజి అంటారు. ఒక స్టేజి నుంచి ఇంకో స్టేజికి మామూలు రోడ్డు మీదే వెళ్లాలి, ఎర్రలైటు పడితే అందరిలాగే ఆగాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టైము చూసే చోటికి నిమిషం ఆలస్యమైతే 10 సెకన్లు కలుపుతారు. నిమిషం ముందు వెళితే పూర్తిగా నిమిషం.

మామయ్య: ముందు వెళ్లినందుకా ఎక్కువ శిక్ష?

మేనల్లుడు: అవును.

మామయ్య: ఆ నిబంధన రాసినవాడు మా బ్యాంకు మనిషై ఉంటాడు.

మేనల్లుడు: ఇందులో కాలి పని కన్నా చెవి పని కష్టం. అది మీకు చెప్పినా ఎక్కదు. సంక్రాంతికి కడప వెళుతూ హోస్‌కోటె దగ్గర అత్తయ్య ఎడమకు, చింతామణి వైపు తిరగమంది. మీరు తిన్నగా కోలారుకు తీసుకుపోయారు.

మామయ్య: బోర్డు కనిపించలేదు.

అత్తయ్య: (వంటింట్లోంచి) రెండుసార్లు చెప్పాను.

మామయ్య: నువ్వు చెప్పేసరికి మలుపు దాటిపోయింది!

మేనల్లుడు: చూశారా, మంచి కో-డ్రైవరు ఈ మలుపులో ఉండగానే తరువాతిది చదివేస్తాడు.

అత్తయ్య: కె.ఆర్.పురం వంతెన దగ్గరే చెప్పాను. ఆయన క్రికెట్ స్కోరు వింటున్నారు.

(కోలారు మీద పావుగంట నడిచింది. ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు అదనమయ్యాయో ఇద్దరూ వేరువేరుగా లెక్క చెప్పారు. అత్తయ్య లెక్కే నమ్మదగ్గదిగా ఉంది.)

మామయ్య: సరే, అసలు విషయానికి రా. ఎంత దాచావు?

మేనల్లుడు: మూడు ర్యాలీలకు సరిపోతుంది.

మామయ్య: కారు పాడవకుండా ఉంటేనా, పాడైతేనా?

మేనల్లుడు: పాడవకుండా ఉంటే.

మామయ్య: ఆ పక్కసీటు అబ్బాయి కూడా ఉద్యోగం మానేస్తున్నాడా?

మేనల్లుడు: మానేస్తానన్నాడు.

మామయ్య: అతనికి జీతం ఎవరిస్తారు?

మేనల్లుడు: ఆ సంగతి... ఇంకా మాట్లాడుకోలేదు.

మామయ్య: నీ ప్రాణం అతని నోటిలో పెడుతున్నావు, అతని అన్నం మాట ఎత్తలేదా? ముందు అది మాట్లాడి రా. వచ్చే ఆదివారం అతన్నీ తీసుకురా, ఇక్కడే భోజనం చేస్తాడు.