మా ఇంటి బీపీ మిషనుకి, ఒక అమ్మ రాయునది

ఏమయ్యా బీపీ మిషనూ,

మామయ్యగారి మంచం పక్కన బల్ల మీద కుదురుగా పడున్నన్నాళ్లూ నీతో నాకే పేచీ లేదు. ఎనిమిదేళ్ల మావాడి విషయంలోనే ఎందుకొచ్చిన పెద్దరికం నీకు?

డాక్టరు దగ్గర బీపీ ఎక్కువ చూపించిందంటే, తెల్లకోటు చూసి హడలిపోయుంటాడు, ఇంట్లో చూస్తే తేలిపోతుందిలే అనుకుని నిన్ను తీశాను. నీ పట్టీ వాడి జబ్బకి రెండు చుట్లు తిరిగి, మోచేతిని కూడా మింగేసింది. అయినా "ఇది నాకు సరిపడే చెయ్యి కాదమ్మా" అన్లేదు నువ్వు, బుస్సున ఊది 94/56 అని తీర్పిచ్చేశావు. పట్టీ మరీ పెద్దదైతే అంకె తగ్గిపోతుందట, చిన్నది బిగిస్తే పెరిగిపోతుందట. లోపలి గాలి సంచి వెడల్పు జబ్బ చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలట.

సరే, పిల్లల సైజు పట్టీ తెప్పించి కట్టాను. ఈసారి 118/78, పక్కన నీ పచ్చగుర్తు! అది పెద్దవాళ్ల లెక్క కదయ్యా. 13 ఏళ్లు వచ్చేదాకా వయసూ, ఎత్తూ, ఆడా మగా చూసి లెక్కేస్తారు, సగటు ఎత్తున్న ఎనిమిదేళ్ల పిల్లాడికి నీ 118/78 అంటే నూటికి 95 మంది కంటే పైన ఉన్నట్టు. (అప్పటిదాకా వాడు మంచం మీద గెంతుతున్నాడు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలని నాకు తెలీదు. ఇది మాత్రం నీ మీదికి నెట్టను.)

నీ మాట మీద జబ్బుందనీ లేదనీ తేల్చలేమని డాక్టరుగారు 24 గంటల మిషను కట్టించారు. పగలు ఇరవై నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి అదే కొలుచుకుంటుంది. అది బుస్సుమనగానే చెయ్యి కదపకూడదు కాబట్టి స్కూల్లో మావాడు విగ్రహంలా బిగుసుకుపోయేవాడట, రెండో గంటకల్లా బెంచీ బెంచీ అంతా విగ్రహాలే. రాత్రి నిద్దట్లో బీపీ పగటికంటే పది శాతమో ఆ పైనో తగ్గాలి, వాడికి తగ్గింది. సగటు కూడా బాగానే వచ్చింది, తెల్లకోటు భయమే అన్నారు.

"నేను పచ్చగుర్తు చూపించానుగా" అని మురిసిపోకు. కాకి వాలగానే తాటిపండు రాలిందట, నీదీ అంతే.

ఏడాది, రెండేళ్లలో మళ్లీ కట్టి చూడాలన్నారు. విగ్రహాల ఆట మళ్లీ ఎప్పుడని ఇప్పట్నుంచే వాడి గోల. నువ్వు మాత్రం మామయ్యగారి బల్ల దాటి రాకు.

ఇట్లు,
నువ్వు రెండు చుట్లు చుట్టిన చేతి తాలూకు అమ్మ