'ఆగిపోయాయి' గారికి

గౌరవనీయులైన 'ఆగిపోయాయి' గారికి,

మొన్న శనివారం మిట్టమధ్యాహ్నం ఎండలో పడి వెళ్తే మా ఊరి గ్రంథాలయంలో తమరి దర్శనమైంది. ఆరు పేపర్లుండే బల్ల మీద ఒక్కటే ఉంది, అదీ నలుగురి చేతుల్లో నాలుగు ముక్కలుగా. వారపత్రికల స్టాండులో ఎవరిదో హెల్మెట్. ఏమైందండీ అంటే గ్రంథపాలకుడు తమరి పేరే చెప్పాడు.

"నిధులు ఆగిపోయాయండీ."

"ఎవరు ఆపారు?"

"ఎవరూ ఆపలేదండీ. ఆగిపోయాయి."

'ఆపు' సకర్మకం, 'ఆగు' అకర్మకం అని బళ్లో మాస్టారు చెప్తుంటే నిద్రపోయాను. తమరి మహిమ ఇప్పుడు తెలిసింది. వాన ఆగుతుంది, ఎక్కిళ్లు ఆగుతాయి. నిధుల్నీ ఆ లెక్కలో కలిపేశారు! మీ చుట్టాలూ తక్కువ వాళ్లు కాదు. మార్చి 31 దాటగానే 'మురిగిపోయాయి' గారు దిగుతారు, నిధులేవో సంతలో మిగిలిన టమాటాలైనట్టు. 'దారి మళ్లాయి' గారి వల్ల వాటికి కాళ్లున్నాయనీ తెలిసింది.

ఇంగ్లీషులో 'డీఫండ్' అని ఒకటుంది, అంటే నిధులు తీసెయ్యడం. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసు చంపిన తర్వాత అమెరికా వీధుల్లో 'డీఫండ్ ద పోలీస్' అని అరిచారు. పోలీసు శాఖను ఎత్తెయ్యమనా, దాని డబ్బులో కొంత కోసి వేరే పనులకిమ్మనా అని నెలల తరబడి కొట్టుకున్నారు. అర్థం తేలకపోయినా, ఎవరి డబ్బు తీసెయ్యాలో అందులోనే ఉంది. తమరు అకర్మకం. కర్మంతా మాది.

ఇంటికొచ్చి ఇంటిపన్ను రశీదు తీశాను. గ్రంథాలయ సెస్సు, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం పేరున వసూలు. నేను కట్టాను. మున్సిపాలిటీ తీసుకుంది. జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలి. ఇక్కడిదాకా ప్రతి వాక్యంలో ఎవరో ఒకరున్నారు. ఆ తర్వాతే మనుషులంతా మాయమై, నువ్వొక్కదానివి మిగిలావు. ఎవడు ఆపాడే? ఏ బల్ల మీద ఆ ఫైలు? ఉద్యోగం కోసం ఆ పేపరు ముక్కల్లో నోటిఫికేషన్లు వెతుక్కునే పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్తావు, ఎవరూ ఆపలేదని?

వచ్చే అర్ధ సంవత్సరం పన్ను నేను కట్టను. కాదు కాదు, పన్ను ఆగిపోతుంది. కానీ నాకు తెలుసు, ఆ నోటీసులో నువ్వు కనపడవు. 'మీరు చెల్లించలేదు' అనే ఉంటుంది, నా పేరు, ఇంటి నంబరు, వడ్డీతో సహా.

ఇట్లు,
ఒక కర్త